అమ్మ చూపు పరీక్ష

గౌరవనీయులైన మామయ్యకు,

అమ్మ ఆపరేషన్ విషయంలో నేను కాలేజీ డిబేట్లలో లాగా పక్షం మార్చానని మీ అభియోగం. మార్చాను. కారణం వినండి.

నిరుడు అమ్మ పిట్యూటరీ గ్రంథిలోని కణితి పదకొండు మిల్లీమీటర్లున్నప్పుడు, ఆగి చూద్దామని వాదించి మీ అందరి నోళ్లూ మూయించింది నేనే. ఇప్పుడది పదహారయింది. అయినా మీరు నా పాత వాదననే నాకు అప్పజెబుతున్నారు. చూపు బాగుంటే ఇంకో ఆరు నెలలు ఆగవచ్చనీ, కణితి కంటి నరాలను నొక్కి పక్కచూపు తగ్గితే మాత్రం ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పారు.

అందుకే మొన్న చూపు పరీక్ష చేయించాము. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా అమ్మ బటన్ నొక్కాలి. పరీక్ష చేసే ఆమె సగంలోనే ఆపేసింది.

"ఏంటమ్మా, చుక్క రాకముందే నొక్కేస్తున్నారు? ఇదేమైనా పరుగు పందెమా?"

బయటికి వచ్చాక అమ్మను నిలదీశాను.

"అందాజుగా నొక్కానే. అంతమందిలో వాదించి గెలిచావు. నా కళ్ల వల్ల ఓడిపోయావంటే మీ మామయ్య నిన్ను జన్మంతా దెప్పడూ?" అని నవ్వింది. నవ్వుతూనే గుమ్మానికి భుజం కొట్టుకుంది. గుమ్మం ఆమెకు కనిపించలేదు మామయ్యా.

గురువారం మళ్లీ పరీక్ష ఉంది. నా పరువు కాపాడాలనుకున్నంత కాలం ఆమె కనిపించని చుక్కలకు కూడా బటన్ నొక్కుతూనే ఉంటుంది. కాబట్టి ఆ పరీక్షకు ముందే, ఈ ఆదివారం మీరందరూ కూర్చున్నప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టి, నేను ఓడిపోయానని అమ్మ ఎదుట గట్టిగా ప్రకటించండి.

మీ మేనకోడలు