ప్యానెల్ మీద ఆరేసిన చేపలు

మావా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే మన రేవుకి కెన్యా నుంచి, వియత్నాం నుంచి మనుషులొచ్చారు. మనింట్లో ఉందే, అలాంటి సోలార్ ఐస్‌పెట్టెలు ఎక్కడ అమ్ముడవుతున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో ఒకరికొకరు చెప్పుకుంటారట.

"మీకేం ఇబ్బందొచ్చిందండి?" అని అడిగితే నిజం చెప్పేశాను. ఎండ బాగా తగులుతుందని ప్యానెల్ నిండా చేపలు ఆరేశానని, దానికి ఎండ అందక పెట్టె చల్లబడలేదని, నువ్వు ఇంటిపైకెక్కి చూసి తల పట్టుకున్నావని.

కెన్యాలో చేపలమ్మే ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్ల ఊళ్లోనూ ఇదే పనట. పెట్టెలు పనిచెయ్యట్లేదని తిరిగిచ్చేశారట; ఎందుకో ఇన్నాళ్లూ తెలియలేదట. ఇక పెట్టెతోపాటే, ప్యానెల్ మీద ఏమీ ఆరెయ్యొద్దన్న ఈ మాట అన్ని దేశాలకూ వెళ్తుందట. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

పక్కింటికి కూడా చెప్పొద్దు, పరువు పోతుందన్నావు. పోలేదు మావా. ప్యానెల్ ఈ పొద్దున కూడా నీ లుంగీతోనే తుడిచాను.