ద్రాక్షరంగు రిబ్బను

సెగెద్,
1933 సెప్టెంబర్ 12, మంగళవారం సాయంత్రం.

నా బంగారు చెల్లెలు వెరోన్‌కి,

దూరాన ఉన్న నీ అక్క బోరి నీ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని రాస్తున్న ఉత్తరం ఇది. ఇది చేరేసరికి నువ్వూ, అమ్మా, పాకలో ఆవూ చల్లగా ఉండాలని మేరీమాతను వేడుకుంటున్నాను. ఆ పక్కనే నేనూ చల్లగా ఉన్నానని రాయాలి. ఎప్పుడూ అలాగే రాశాను. ఈసారి చెయ్యి రావడం లేదు.

నేను పనిచేసే రిబ్బన్ల దుకాణం వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. తలుపుకి గడియ వేశాను, గడియకి అడ్డంగా కుర్చీ పెట్టాను. పైకోటు కూడా విప్పలేదు. సంచి సర్దుకుని కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. వీధిలో ఎవరి బూట్ల చప్పుడైనా కలం ఆగిపోతోంది. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

ఆయన ఇక్కడికి వచ్చాడు వెరోన్. చూశావా, ఇంకా ఆయన అనే రాస్తున్నాను. ఇకనుంచి గెర్గెయ్ అనే రాస్తాను. గెర్గెయ్ ఈ పొద్దున మా దుకాణానికి వచ్చాడు. ఒక్కడే రాలేదు, మన అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పారిపోయిన పెళ్లాన్ని మొగుడు వెతుకుతున్నాడంటే ఊళ్లో జనం సందేహిస్తారు. కూతుర్ని తల్లి వెతుకుతోందంటే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్తారు. ఆ మాత్రం తెలివి అతనికి ఉంది.

ఎలా కనిపెట్టాడో కూడా నాకు తెలుసు. నీ పేరున్న సెయింటు పండక్కి నేను పంపిన నీలం రిబ్బను ఉందే, దాని అంచున దుకాణం ముద్ర సన్నగా ఉంటుంది. ఆ ముక్క కత్తిరించి పంపాలని నాకు తోచలేదు. నువ్వు దాన్ని కట్టుకుని చర్చికి వెళ్లి ఉంటావు. పెళ్లీడు పిల్లవి, కట్టుకోకుండా పెట్టెలో దాచుకుంటావా? వెనక బెంచీలో ఏ మహాతల్లో అంచు పట్టుకుని చదివి ఉంటుంది. నీ మీద నాకు రవ్వంత కోపం కూడా లేదు. దాన్ని తీసి పారెయ్యకు, ముద్ర ఉన్న ముక్క మాత్రం కత్తిరించు.

మా దుకాణం యజమానురాలు ఎతెల్కమ్మ గురించి నీకు సగమే రాశాను. అరవై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది, అయినా తెల్లటి జుట్టుకి లేత ఊదా రిబ్బను లేకుండా గుమ్మం దాటదు. నేను రైలు దిగి ఆమె దుకాణంలో పని అడిగిన రోజున నా తలమీద మన ఊరి పెళ్లయిన ఆడవాళ్ల కుళ్లాయి ఉంది, గడ్డం కింద బిగించి కట్టుకున్నది. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ కుళ్లాయితో నువ్విక్కడ నిలబడితే నీ మొగుడు ఎవర్నీ దారి కూడా అడగక్కర్లేదే పిల్లా" అంది. పెళ్లయిందని కానీ, పారిపోయి వచ్చానని కానీ నేను ఒక్క ముక్క చెప్పలేదు. కుళ్లాయి తీయించి, చెవి వెనక మచ్చ చూసి, ఆ తర్వాత ఏమీ అడగలేదు.

మొదటిరోజు ఉత్త తలతో వీధిలోకి వెళ్లినప్పుడు ఒంటిమీద బట్టలు లేనట్టే అనిపించింది. రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నడిచాను. రిబ్బను కట్టుకోవడం ఇంకా కష్టమైంది. మన ఊళ్లో రిబ్బను కన్నెపిల్ల సొత్తు కదా. నా పెళ్లినాడు అమ్మ నా జడ విప్పి, కుళ్లాయి తొడిగి, నా రిబ్బన్లన్నీ నీ ఒళ్లో పోసింది. నువ్వు పసిదానివి, సంతోషంతో గెంతులేశావు. నాకప్పుడు ఏడుపొచ్చింది, సిగ్గుపడుతున్నానని అందరూ అనుకున్నారు. అలాంటిదాన్ని ముప్పై దాటాక మళ్లీ రిబ్బను పట్టుకుంటే ఎవరి సొమ్మో దొంగిలిస్తున్నట్టే ఉండేది.

ఎతెల్కమ్మ ఊరుకోలేదు. నెత్తిమీద సీతాకోకచిలుకలు బడిపిల్లలకి, వయసొచ్చిన ఆడది మెడ దగ్గర, జుట్టు ముడి కింద కట్టుకోవాలి అంది. వేలెడు వెడల్పు చాలట. రంగు ముదురుగా ఉండాలట, చివర్లు ఏటవాలుగా కత్తిరించాలట, కాలరు దాటి వేలాడకూడదట. ఎదుటివాళ్లకి ముందు మొహం కనపడాలి, రిబ్బను తర్వాత కనపడాలి అని రోజూ పాఠం. అన్నిటికంటే ముఖ్యం, ముడి వదులుగా ఉండాలి. ఒక్క లాగుకి జారిపోవాలి. బిగిస్తే పట్టు నలిగి పాతగుడ్డ అయిపోతుందని నా వేళ్లమీద కొట్టేది. నేను అమ్మ పెంపకం కదా, బిగించకుండా కట్టడం నాకు చేతకాలేదు. అమ్మ రిబ్బను కడితే నెత్తి నొప్పెట్టి కళ్లు పైకి లాగినట్టుండేవి, నీకూ తెలుసు.

చివరికి నేర్చుకున్నాను. ద్రాక్షరంగుది ఒకటి ఎంచుకున్నాను. నిజం చెప్పనా? అద్దం ముందు ఆగడం కూడా నేర్చుకున్నాను. జడ్జిగారి భార్య ఒకసారి నా మెడ వెనక చూసి, తనకీ అలాగే కట్టమని కూర్చుంది. ఆ రోజంతా నేను పాట పాడుకుంటూ పని చేశాను. భయం తగ్గిపోయిందనుకున్నాను చెల్లీ.

ఇవాళ పొద్దున నేను చిన్న నిచ్చెన ఎక్కి పై అరలోంచి మఖ్మల్ చుట్టలు దించుతున్నాను. వాకిలి వైపు వీపు ఉంది. గుమ్మం గంట మోగింది. వెంటనే దగ్గు వినపడింది. చలికాలం మంచంలోంచి అమ్మ దగ్గే ఆ పొడిదగ్గు. గోడమీద అద్దంలో చూశాను. అమ్మ నల్లటి గుడ్డల్లో, కళ్లు చికిలించుకుంటూ లోపలికి వచ్చింది. వెనక గుమ్మంలో గెర్గెయ్, టోపీ చేతిలో పట్టుకుని.

అతను లోపలికి రాలేదు. ఊరంతటినీ గడగడలాడించే మనిషి, ఇక్కడ తీగమీద వేలాడే ఆడవాళ్ల లోదుస్తులు చూసి చెవులదాకా ఎర్రబడి, గడప మీదే ఆగిపోయాడు. ఆడవాళ్ల దుకాణంలో కాలు పెట్టాడని ఎవరైనా చూస్తే సారా కొట్టులో తలెత్తుకోలేడు మరి. నేను అతనివైపు తిరగకుండా నిచ్చెన దిగాను. అతను నా వీపు, నా జుట్టు, నా రిబ్బను చూశాడు. నా జుట్టు ఆ మనిషి పగటి వెలుతురులో ఎప్పుడు చూశాడు కనక? పడుకున్నప్పుడు కూడా తెల్ల కుళ్లాయి ఉండాల్సిందే కదా.

నా పూర్తి పేరుతో, కొండల వైపు నుంచి వచ్చిన బోర్బాలా అనే పెళ్లయిన మనిషి ఇక్కడ పనిచేస్తోందా అని అమ్మ అడిగింది. ఎతెల్కమ్మకి క్షణంలో అర్థమైంది. అలాంటివాళ్లెవరూ లేరని, ఉన్నది తన మేనకోడలు ఇలోన్క ఒక్కతేనని, నిన్న చేపల పులుసులో ముల్లు గుచ్చుకుని దానికి గొంతు పోయిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేను తల దించుకుని బొత్తాల పెట్టె సర్దుతున్నట్టు నటించాను.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. మూరెడు దూరం కూడా లేదు. పొగ వాసన, సోపుగింజల వాసన వచ్చింది. ఆమె కళ్లు పాలు పోసినట్టున్నాయి వెరోన్. పోయిన చలికాలం నుంచి సూదిలో దారం ఎక్కించలేకపోతోందని నువ్వు రాశావు కానీ, ఇంతగా పాడయ్యాయని నాకు తెలియదు. ఆ కళ్లతో నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఆమె, "రిబ్బను ఇట్టాగేనా కట్టుకునేది? జారిపోతా ఉంది. అటు తిరుగు పిల్లా" అంది.

తిరిగాను. ఏం చెయ్యను? ఆమె నా రిబ్బను విప్పింది. జుట్టు కూడదీసింది. వేళ్లు ఎడమ చెవి వెనక్కి వెళ్లాయి. గెర్గెయ్ పొయ్యి కడ్డీతో కొట్టిన చోటికి. అక్కడ వేళ్లు ఆగాయి. ఇక అయిపోయింది, నోరు తెరిచి పిలుస్తుంది, అతను లోపలికి వస్తాడు, నన్ను జుట్టు పట్టుకుని స్టేషనుకి ఈడ్చుకెళ్తాడు అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. వేళ్లు మళ్లీ కదిలాయి. నెత్తి నొప్పెట్టేంత గట్టిగా కట్టేసింది.

గుమ్మంలోంచి గెర్గెయ్, "అదేనా అత్తా? దాని మొహం ఇటు తిప్పు" అన్నాడు.

అమ్మ నాకూ అతనికీ నడుమ వచ్చి నిలబడి, "ఇదా? నెత్తిన రిబ్బను పెట్టుకున్న ఈ ముదురు కన్నెపిల్లా? నా కూతురికి పెళ్లయింది అల్లుడూ. కుళ్లాయి లేకుండా అది బావి దాకా కూడా పోదు. నా పెంపకం నాకు తెలీదా? పద, నా కాళ్లు లాగుతున్నాయి" అంది.

ఆ మాటకి అతను టోపీ పెట్టేసుకున్నాడు. మన ఊరి మనిషి కదా, పెళ్లయిన ఆడది రిబ్బను కట్టుకోవడం అనేది అతని బుర్రలో పట్టే సంగతే కాదు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఎతెల్కమ్మ తలుపు మూసి, నాకింత పళ్ల సారా పోసి, గడగడా తనూ తాగింది. ఇద్దరం నేలమీద కూలబడ్డాం.

నేను బతికిపోయాను. సంతోషించాలి. కానీ నాకు ఏడుపు ఆగడం లేదు. కన్నతల్లి నన్ను ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా నిలబడి గుర్తుపట్టలేదు. కళ్లు పోయాయి సరే, వేళ్లు కూడా మొద్దుబారిపోయాయా? ఆ గాయానికి కట్టు కట్టింది ఎవరు? నేను రక్తం కారుతూ పుట్టింటికి వస్తే, తేనెమైనం రాసి, దానిమీద కుళ్లాయి తొడిగి, "కిందేముందో ఎవరికీ కనపడదు, ఇంటికి పో" అని నన్ను వెనక్కి పంపింది ఎవరు? ఆ మాట ఇన్నాళ్లూ నేను మర్చిపోలేదు. ఇవాళ కూడా రిబ్బను చూసి నన్ను కూతురు కాదనుకుంది. కుళ్లాయి ఉంటేనే ఆమెకి కూతుర్ని.

అదలా ఉంచు. గెర్గెయ్ మందబుద్ధే కానీ, గ్లాసు ముందు పెట్టుకుని నెమరువేస్తే ఏదో ఒకటి తడుతుంది. ఆ పిల్ల మొహం ఎందుకు తిప్పలేదు అనుకుంటాడు. రేపు ఒక్కడే వస్తాడు, సిగ్గు పక్కన పెట్టి వస్తాడు. అందుకే పొద్దున్నే బుడాపెస్టు బండికి పోతున్నాను. అక్కడెక్కడ ఉంటానో నీకు కూడా చెప్పను. నీకు తెలియకపోతే నిన్ను కొట్టినా ప్రయోజనం ఉండదు. ఎవరికీ తెలియకుండా నీకోసం టీచరమ్మ పేరున నేను పంపే ఉత్తరాలు ఇకమీదట రావు, నువ్వూ రాయకు. అమ్మతో ఇవేవీ అనకు. ఇది చదివి పొయ్యిలో వెయ్యి.

నీ పెళ్లికి నేను రాలేను. ఎవడైనా నిన్ను అడిగితే, వాడి చేతులు చూసి ఒప్పుకో తల్లీ.

భయంతోనూ, అంతకు మించిన ప్రేమతోనూ,
నీ అక్క
బోరి

తా.క. బుధవారం ఉదయం.

బండి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

రాత్రంతా కోటుతోనే పడుకున్నాను, జుట్టు ముట్టుకోలేదు. పొద్దున ప్రయాణానికి తల దువ్వుకుందామని రిబ్బను కొస పట్టుకుని లాగాను. రాలేదు. మళ్లీ లాగాను, నెత్తి నొప్పెట్టింది కానీ ముడి జారలేదు. అప్పుడు వేళ్లతో తడిమి చూశాను.

నీకు గుర్తుందా, బావి దగ్గర మగపిల్లలు మన రిబ్బన్లు లాక్కుని పారిపోతుంటే అమ్మ ఒక ముడి కనిపెట్టింది? కొస వెనక్కి తిప్పి, కిందనుంచి తెచ్చి, జుట్టు పాయలో దోపి, మళ్లీ దానిమీద బిగించేది. ఎవడెంత లాగినా ఊడేది కాదు. ఆ ముడి ఇంకెవరికీ రాదు. పరాయి పిల్లకి ఎవరూ అలా కట్టరు.

అమ్మకి తెలుసు వెరోన్. మచ్చ దగ్గర వేళ్లు ఆగినప్పుడే, కాదు, గుమ్మంలోకి రాగానే తెలిసి ఉంటుంది. తెలిసే కట్టింది. తెలిసే అతని ముందు నిలబడి అన్ని అబద్ధాలు ఆడింది.

సంచి విప్పేశాను. అమ్మ నన్ను దాచిన చోటు వదిలి పోను, ఇక్కడే ఉంటాను. కానీ నా భయం పోలేదు, ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. అలా అబద్ధం ఆడి, ఆ చూపు లేని మనిషి అతని పక్కనే కూర్చుని అంత దూరం తిరిగి వెళ్లాలి. దారిలో అతనికి ఏదైనా తడితే? పైన రాసినవన్నీ కొట్టెయ్యి. అమ్మ ఇంటికి చేరిందో లేదో వెంటనే రాయి. ఆమె కుళ్లాయి తీయించి తల మొత్తం చూడు, చెవుల వెనక కూడా చూడు. క్షేమంగా ఉంటే ఒళ్లు దగ్గరికి తీసుకుని, ముడి నేనింకా విప్పలేదని చెవిలో చెప్పు.