తెర మీద కనబడని వాక్యం

మేనేజరు గారికి మీ టైపిస్టు నమస్కరించి రాస్తున్నాను.

నిన్న నేను మెయిల్లో పంపింది సెలవు చీటీ. కొత్త సాఫ్ట్‌వేర్ వేసినప్పటి నుంచి కొట్టిన వాక్యం తెర మీద కనబడక మళ్ళీ కొడుతున్నాను. కాగితం మీద రెండేసి వస్తున్నాయి. అందుకే మొన్న మీరు అందరి ముందూ కసిరారు. ఆ కోపంలో చీటీలో ‘ఉద్యోగం మానేస్తున్నాను’ అని కొట్టి, వెంటనే తుడిచేశాను.

ఈ ఉదయం కంప్యూటర్ మెకానిక్ ఏదో సెట్టింగు మార్చి ఆ చీటీ ఫైలు తెరిస్తే, వాక్యం అక్కడే ఉంది.

“మీరసలు తుడవలేదమ్మా, తెరే చూపించలేదు” అన్నాడు.

తుడిచినట్టే గుర్తు నాకు. ఇంట్లో అక్క మాత్రం “ఇంతకీ నీకు మానెయ్యాలని ఉందా, లేదా?” అని నిలదీసింది.

రాజీనామా ఆమోదించకపోతే సెలవు కాగానే వస్తాను. ఆమోదించి ఉంటే, రద్దు చేయమని రాయడానికి ఎందుకో చేతులు రావడం లేదు.