మగ్గం ఆపిన పూట

అమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీకు చదవడం ఎప్పుడూ రాలేదు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలనిపించి రాస్తున్నాను.

మన గుడియాత్తం ఇంట్లో మూడు మగ్గాలు ఆడుతుంటే పక్కమనిషి మాట వినపడదు కదా. అందుకే అందరం చేతులతోనే చెప్పుకుంటాం. నూలుకు ఒక సైగ, నీళ్ళకు ఒక సైగ. నా కూతురు మునెమ్మ కూడా అదే నేర్చుకుంది. మూడేళ్ళు నిండినా మాట లేదు. చెంబు వైపు వేలు చూపితే మేం పరుగున అందించేవాళ్ళం. ఎంత చురుకైన పిల్లో అని మురిసిపోయేవాళ్ళం.

నువ్వొక్కదానివే ఒప్పుకోలేదు. "మగ్గం నిలిపి బిడ్డతో మాట్లాడు నాయనా. అడిగినాక బదులు నువ్వే చెప్పొద్దు. దాని మొగం చూస్తా ఊరికే ఉండు" అనేదానివి. పంచెలు వేలూరు సంతకు అందవని నేను విసుక్కున్నాను.

నువ్వు పోయాక ఆపడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున మగ్గం దిగి, చేతిలో నూలు చుట్టిన కండె పట్టుకుని "ఇదేందమ్మా?" అని అడిగి, నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఆ ఊరుకోవడం నాకే కష్టమైంది. "నూలు" అనడానికి మునెమ్మకు నెల పట్టింది. తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది.

ఈ పొద్దున నువ్వు కూర్చునే పీట దగ్గర నిలబడి, తనంతట తానే నన్ను అడిగింది.

"అవ్వ యాడుండాది నాయనా?"

నేను బదులు వెతుక్కున్నాను. అది తొందరపెట్టలేదమ్మా. నా మొహం చూస్తూ ఊరికే నిలబడింది.