విజిల్ ఊదితే

అక్కా,

రేపటి నుంచి నేను ఫోటోలు పంపను. మీ విద్యాశాఖ ఆఫీసు మెమో ఇస్తే ఇవ్వనీ.

రోజూ ఆటల పీరియడ్ ఫోటో పంపాలని ఉత్తర్వు వేశారు కదా. ఆ పీరియడేమో పరీక్షల పేరు చెప్పి మా హెడ్మాస్టరు లెక్కల మాస్టారికి ఇచ్చేశారు. డ్రిల్లు మాస్టారినై ఉండి, ఏడాదిగా పిల్లల్ని రెండు నిమిషాలు బయటికి పిలిచి, పరిగెడుతున్నట్టు నిలబెట్టి, ఫోటో తీసి పంపాను. తప్పు నాది కూడా.

ఇవాళ లెక్కల మాస్టారు రాలేదు. ఇన్నాళ్లకి పీరియడ్ నా చేతికొచ్చిందని సంబరంగా విజిల్ ఊది, "పరిగెత్తండ్రా!" అని అరిచాను.

ఒక్కరూ కదల్లేదక్కా. అందరూ ఒక కాలు పైకెత్తి, నవ్వుతూ అలాగే నిలబడిపోయారు. ముందు వరసలో నీ కూతురు, కాలు వణుకుతున్నా దించకుండా, "మామయ్యా, ఫోటో తీసేశావా?" అని అడిగింది.

నీ తమ్ముడు