నీళ్ళు తగలకూడని పొడి

గాంధీనగర్, బళ్ళారి.

చిరంజీవి కెన్నెత్‌కు,

ప్రభువు నిన్ను కాపాడాలని కోరుతూ మీ అక్క వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అలా రాయడం అలవాటు గనుక రాస్తున్నాను.

అమ్మ దగ్గు గురించి అడిగావు, కాస్త నయం. దోణిమలై గనుల వైపు నుంచి ఇనుప ఖనిజం లారీలు తెంపు లేకుండా వస్తూనే ఉన్నాయి. పొద్దున ఉతికి ఆరేసిన దుప్పటి సాయంత్రానికి ఎర్రబడుతోంది. ఇంట్లోనూ కాలేజీలోనూ కిటికీలు తెరిచి నెలలైంది.

నీ ఉత్తరంలో సగం నువ్వు వదిలి వెళ్ళిన ఆ పొడి సీసా గురించే. కట్టుకున్న పెళ్ళాం గురించి కూడా ఎవరూ అంత అడగరు. సోడియం బ్యాటరీలో ద్రవం బదులు ఆ పొడిని బిళ్ళగా నొక్కి పెడితే కారదు, మండదు, ఎవరికీ ప్రమాదం ఉండదని ఎంత మురిసిపోతూ చెప్పేవాడివో. పూణెలో ఉద్యోగానికి వెళ్తూ, "దీంట్లో గంధకం ఉంది, నీళ్ళు మాత్రం తగలనీయకక్కా" అని మా కాలేజీ స్టోరు గదిలో పెట్టి పోయావు. దానిమీద చిన్న చీటీ అయినా అంటించలేదు. నేనూ హంపమ్మతో "ఆ సీసా ముట్టుకోకు" అన్నానే గాని, ఎందుకో చెప్పలేదు.

హంపమ్మ గుర్తుందిగా, మా కాలేజీ ఊడ్చే ఆమె, నువ్విక్కడ చదివేటప్పుడు నీ టిఫిను డబ్బా కడిగిపెట్టేది. ఆమె పోయింది కెన్నెత్.

ఈ ఊళ్ళో తడిగుడ్డ పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టం. ఆమె అలమర తుడుస్తుంటే సీసా జారి పగిలింది. పొడినంతా తడిగుడ్డతో ఎత్తి బకెట్ నీళ్ళలో పిండింది. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుతున్నాను.

"కెరోలినమ్మా, గుడ్లు మురిగిన వాసన వస్తాండాదే."

"కిటికీ తెరువు హంపమ్మా."

"తెరిస్తే దుమ్మంతా లోపలికొస్తాది. తుడిసేసి వస్తా."

కాసేపటికి, "ఇప్పుడు వాసన పోయిండాదమ్మా" అంది. నేను మళ్ళీ పేపర్లలో పడ్డాను. ఆ పొడికి నీళ్ళు తగిలితే పుట్టే విషవాయువు ఎక్కువైతే ముందు ముక్కే పనిచేయదని పిల్లలకు పాఠం చెప్పే నాకు ఆ క్షణాన తోచలేదు. వెళ్ళేసరికి ఆమె బకెట్ పక్కన పడి ఉంది. నాకూ తల తిరిగింది. ఎలాగో బయటికి లాగాను గాని, అప్పటికే ఊపిరి లేదు.

దుమ్ము రోగమని ప్రిన్సిపాల్ అందరికీ చెప్పాడు. ఈ ఊళ్ళో ఆ మాట నమ్మనివాళ్ళు ఎవరు? నిజం బయటపడితే నీ ఉద్యోగం పోతుందని నన్ను నోరు మూసుకోమన్నాడు. నీకోసం మూసుకున్నాను.

నిన్న చోరనూరులో హంపమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కూతురు నేత్ర గనిలో రాళ్ళు ఏరే పనికి పోతుంది. ఆ పిల్ల అన్నం ముట్టడం లేదు.

"నా బట్టల దుమ్మే మాయమ్మను తినేసింది మేడమ్. దినమూ ఆయమ్మే ఉతుకుతాండె."

ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను, నీ పేరుతో సహా. ఫోనులో నీకు చెప్పలేక రాస్తున్నది ఇదే. నీమీద ప్రేమ లేక కాదు నాన్నా.

నేత్ర అంతా వింది. తర్వాత అడిగింది.

"హౌదా, నిజమేనా మేడమ్? నీళ్ళు తగలగూడదని మీ తమ్మునికి తెలుసా?"

"తెలుసు."

"మీకు?"

"తెలుసు."

"మాయమ్మకొక్కదానికే తెల్దా?"

సోమవారం నేను పోలీసు స్టేషనుకు వెళ్ళి నా వంతు చెప్తాను. ఆ పిల్ల మాత్రం ముందు నీ నోట వినాలంటోంది. నీ అడ్రసు ఇచ్చాను. ఈ ఉత్తరం వెనకే ఆ పిల్ల వస్తుంది. లేనని చెప్పించకు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన అక్క,
కెరోలిన్