అవ్వ చేతులు ఆగిన పాట

ఆగస్టు 2, ఖానాపూర్

వాన. పెంకుల మీద మెత్తగా, ఆగకుండా... ఎడిటింగ్ అయిపోయి ఇంటికి వచ్చాను. దర్శకురాలిగా నా మొదటి సినిమా. ఇక్కడ బీడీలు చుట్టే భార్య, దుబాయ్‌లో భర్త — నన్ను కన్న అవ్వ, బాపుల కథే. పేర్లు మార్చాను, అంతే. లాప్‌టాప్ పక్కనే నిద్రపోయాను. కలలో కూడా బీడీలు చుట్టే తునికాకు వాసన.

ఆగస్టు 3

హైదరాబాద్ నుంచి నిర్మాత ఫోన్. "బీడీ కార్ఖానా ముందు హీరోయిన్ స్పీచ్ తగ్గించమ్మా. పాఠం వినడానికి ఎవరూ టికెట్ కొనరు. దుబాయ్ పాట మాత్రం ఉండాల్సిందే."

ఆ పాట అంటేనే నాకు ఒళ్లు మంట. భార్యకు వచ్చే కల — ఎర్ర చీర, అద్దాల మేడలు, హీరో గంతులు. కోపంతో దుబాయ్ షూటింగ్‌కు కూడా వెళ్లలేదు, డాన్స్ మాస్టర్‌నే పంపాను. వెళ్లి ఉంటే బాపును చూసి వచ్చేదాన్ని... తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నిర్మాత పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నా కుందేలుకూ అంతేనేమో. చివరికి పందెం వేసుకున్నాం. "మీ వాడకట్టు ఆడవాళ్లకే చూపించు. వాళ్లకు నచ్చిందే ఉంచుదాం." సరే అన్నాను. గెలుపు నాదే కదా.

ఆగస్టు 5

మధ్యాహ్నం. కిటికీలకు దుప్పట్లు కట్టాను. గోడ మీద సినిమా. అందరూ చాటలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. సినిమా అయితే మాత్రం బీడీలు ఆగుతాయా? చీకట్లోనూ వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. నేను గోడను చూడలేదు, ఆ చేతులనే చూశాను.

స్పీచ్ వచ్చింది. చేతులు ఆగుతాయనుకున్నాను. ఇంకా జోరందుకున్నాయి. పక్కింటి లసుమక్క ఆవులించింది.

"గీ ముచ్చట మాకెరుకలేదా బిడ్డా? మల్ల మాకే జెప్పవడితివి."

అందరూ నవ్వారు. నా ముఖం మాడిపోయింది.

తర్వాత పాట. ఒక్కొక్కరి చేతులూ ఆగాయి. లసుమక్క ఈల వేసింది! అవ్వ వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ అట్లాగే ఉండిపోయింది.

కానీ అవ్వ హీరోను చూడటం లేదు.

"గా మూలకు జూడు బిడ్డా. గా నీలిబట్టలోళ్లు."

చూశాను. ఎడిటింగ్‌లో అన్నిసార్లు చూసీ చూడలేదు. హీరోయిన్ వెనక మేడకు తాళ్లతో వేలాడుతూ అద్దాలు తుడుస్తున్న మనుషులు. తలల మీద హెల్మెట్లు. ఎండలో, గాలికి ఊగుతూ...

"మీ బాపు పని గిదేనా?"

"కాదవ్వా. నీడపట్టున పనే అంటడు గదా."

"అంటడు."

కాసేపటికి మళ్లీ — "జర మల్ల పెట్టు."

పెట్టాను. మళ్లీ పెట్టాను.

ఆగస్టు 6

బాపు వీడియో కాల్‌లో ఎప్పుడూ గది గోడే. తెల్ల గోడ. ఇన్నేళ్లలో పనిచేసే చోటు ఒక్కసారీ చూపించలేదు. మేమూ అడగలేదు.

ఆగస్టు 8

ఓడిపోయానని నిర్మాతకు చెప్పాను. పొంగిపోయాడు. "పాటను ఇంకా అందంగా చేద్దాం. వెనకాల ఆ తాళ్లవాళ్లు అడ్డంగా ఉన్నారు, గ్రాఫిక్స్‌లో తీయించేస్తా."

"వద్దు సార్!" గొంతు లేచింది. "స్పీచ్ మొత్తం తీసేయండి. వాళ్లను మాత్రం ముట్టుకోకండి."

"ఆలోచిస్తా" అని ఫోన్ పెట్టేశాడు.

ఏ పాట వద్దని కొట్లాడానో దాని కోసమే బతిమాలుతున్నాను. నవ్వొస్తోంది. భయమూ వేస్తోంది.

ఆగస్టు 9

కల. తెర నిండా అద్దాల మేడ. హీరో లేడు, పాట మాత్రం వస్తోంది. తాడు మీద బాపు మెల్లగా ఊగుతున్నాడు. హాలంతా ఈలలు...

ఆగస్టు 10

నిర్మాత ఫోన్ లేదు.

సాయంత్రం బాపు కాల్. తెల్ల గోడ, బాపు నవ్వు. "తిన్నరా? వానలు మంచిగ వడుతున్నయా?"

అవ్వ చాట పక్కకు పెట్టింది. "తిన్నంగని... ఫోను జర బయటికి తిప్పు. నువ్వు పనిచేసే జాగ జూస్త."

"గీడ జూసుడానికేమున్నదే? నీడపట్టున పనే..."

"తిప్పు."

బాపు గడ్డం కింద చూశాను. ముఖమంతా నల్లబడి, అక్కడ హెల్మెట్ పట్టీ మేర తెల్లటి గీత. ఎప్పటి నుంచి ఉందో.

బాపు నవ్వుతూనే ఉన్నాడు. ఫోన్ తిప్పడం లేదు.